విల్లు దించినవాళ్ళ అడవి

ప్రొద్దుటూరుకు జనం బంగారం కొనడానికి వస్తారు. రెండో బొంబాయి అని ఊరికే పేరు రాలేదు. నేను మాత్రం వేటగాళ్ళను వెతుక్కుంటూ వచ్చాను. అమెరికాలో విల్లుతో వేటాడేవాళ్ళకు సంఘాలున్నాయి. అవి అడవుల కోసం డబ్బు పెడతాయి, చట్టసభల దగ్గర జంతువుల పక్షాన వాదిస్తాయి. చంపేవాడు కాపాడడమేమిటని మనకు అనుమానం రావడం సహజమే. ఆ అనుమానం తీర్చే కథ కడప జిల్లాలోనే జరిగింది. అందుకే ప్రొద్దుటూరులో మొదలుపెట్టి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా తిరిగాను.

ప్రొద్దుటూరు ఒక అటవీ డివిజన్‌కు కేంద్రం. ఇక్కడ అడవి గురించి ఎవరిని కదిలించినా మాట ఎర్రచందనం దగ్గరికే వచ్చి ఆగుతుంది. దుంగ ఎక్కడ దొరికింది, లారీ ఎక్కడ పట్టుబడింది, కూలీలు ఏ ఊరివాళ్ళు అన్నవే కబుర్లు. నేను అడిగింది కలివికోడి సంగతి. టీ అంగడి దగ్గర నిలబడ్డ నలుగురిలో ఒకాయన మాత్రం ‘రాత్రిపూట తిరిగే పిట్ట కదూ’ అన్నాడు. మిగతావాళ్ళకు అది ఏదో నాటుకోడి రకం.

కలివికోడి కథ ఈ జిల్లా బడిపిల్లలందరికీ తెలియాల్సిన కథ. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డాన్ సేకరించిన ఈ పక్షిని 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. పక్షిశాస్త్రజ్ఞులు వెతికారు, దొరకలేదు, ఇక అంతరించిపోయిందనే అనుకున్నారు. ఎనభై ఏళ్ళు దాటాక బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఈ ప్రాంతానికి వచ్చి, ఊరూరా పక్షి బొమ్మ చూపించి అడిగాడు. లంకమల కొండల దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో ఐతన్న అనే వేటగాడికి ఆ బొమ్మలోని పిట్ట తెలుసు. 1986 జనవరిలో ఒక రాత్రి బ్యాటరీ లైటు వేసి, వెలుగుకు కదలకుండా నిలబడిపోయిన పిట్టను చేత్తో పట్టి తెచ్చాడు. శాస్త్రం పోయిందనుకున్న పక్షి ఐతన్న లెక్కలో ఎప్పుడూ పోలేదు. అతన్ని ఎవరూ అడగలేదు, అంతే.

ఆ పక్షి ఎక్కువ రోజులు బతకలేదు. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ అప్పటికి 89 ఏళ్ళ వయసులో ఉండి కూడా దాని కోసం కడప జిల్లాకు వచ్చాడు. ఆయన పక్షిజీవితం మొదలైంది కూడా వేటతోనే. చిన్నతనంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ చూసి, అదేమిటో తెలుసుకుందామని సొసైటీ మెట్లెక్కాడు. ఈ దేశంలో పక్షుల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం తుపాకులు, వలలు పట్టినవాళ్ళ నుంచే వచ్చింది. ఈ మాట పక్షిప్రేమికుల సభల్లో అంటే కొందరు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనీ.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం దాదాపు 464 చదరపు కిలోమీటర్లు. ఆ తర్వాత పరిశోధకులు చేసిన పని చూడండి. రాత్రి తిరిగే పక్షి, ముళ్ళపొదల మధ్య నడుస్తుంది, మనిషి అలికిడికి కదలదు. చూడడం కష్టమని, పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, తెల్లారాక అడుగుజాడలు చదివారు. జాడ చూసి ఏది నడిచిందో చెప్పడం వేటగాడి విద్య. 2000 దశకం మొదట్లో జగన్నాథన్, ఆయన సహచరులు దాని కూతను రికార్డు చేసి, ఆ కూత వినిపించి, జవాబు వచ్చినచోటల్లా గుర్తు పెట్టారు. కూతకు కూత పలికించడం కూడా పాత వేటగాళ్ళ పద్ధతే. శాస్త్రం దానికి కొలత, పటం, కాగితం జోడించింది.

2005లో తెలుగుగంగ కాలువ పనికి యంత్రాలు వచ్చి ఈ పక్షి తిరిగే చిట్టడవిని తవ్వడం మొదలుపెట్టాయి. పక్షిని వెతుకుతున్న పరిశోధకులే ముందుగా ఆ సంగతి గమనించారు. సొసైటీ గొడవ చేసింది, బయటి దేశాల పక్షి సంఘాలు కలిశాయి, విషయం సుప్రీంకోర్టు నియమించిన కమిటీ దాకా పోయింది, చివరికి కాలువ దారి మార్చారు. నీళ్ళ కోసం కళ్ళు కాయలు కాసిన సీమలో ఒక పిట్ట కోసం కాలువను పక్కకు తిప్పడం చిన్న విషయం కాదు. రైతులకు కోపం రాలేదని చెప్పను. కానీ కాలువ ఆగిపోలేదు, దారి మార్చుకుని పోయింది. 2009 తర్వాత ఏళ్ళ తరబడి కలివికోడి జాడ లేకుండా పోయి, 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి లంకమల ప్రాంతంలో మళ్ళీ దాని కూత రికార్డు చేసింది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఎంతో దూరం లేదు. గండికోట చూడడానికి వచ్చేవాళ్ళంతా లోయ అంచున నిలబడి పెన్నను ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. నేను కోట కిందికి, ఒక పల్లెలో ఇదివరకు కౌజుపిట్టలు పట్టి అమ్ముకుని బతికిన కుటుంబం దగ్గరికి పోయాను. ఇంటి పెద్ద మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. మొదట మాట పెగల్లేదు. నేను కేసులు రాసే మనిషిని కాదని నమ్మకం కుదిరాక, దీమం పిట్ట సంగతి ఎత్తాడు. పెంచిన కౌజును గూట్లో పెట్టి పొదల దగ్గర కూయిస్తే, అడవి కౌజు పోట్లాటకు వస్తుంది, చుట్టూ పెట్టిన ఉచ్చుల్లో పడుతుంది.

“కూత ఇంటే మగదా ఆడదా అనేది చెప్తాం సార్. పిల్లలతో తిరిగే తల్లిని పట్టేవాళ్ళం కాదు. దాన్ని పడితే వచ్చే ఏడు మాకేముంటాది?”

“ఇప్పుడు పట్టడం లేదా, పెద్దాయనా?”

“పడితే జైలే గదా. మా నాయనకు అది బతుకు, మాకది కేసు.”

“ఏ పిట్ట యాడ తిరుగుతాదని ఎవరైనా వచ్చి అడిగినారా?”

“ఎవురూ అడగల్యా. ఉచ్చు ఎవురు పెట్టినారని అడిగేదే గానీ, పిట్ట యాడుండాదని అడిగేదుండదు.”

ఆయన మనవడు ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్ అంగట్లో పనిచేస్తున్నాడు. కౌజు కూత, బురకపిట్ట కూత వాడికి తేడా తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదనుకుంటాడు. ముసలాయన చేత్తో నేల మీద చెవులపిల్లి జాడ, ఉడుము తోక ఈడ్చిన గీత, నక్క అడుగు గీసి చూపించాడు. జాడల మీద ఒక పాఠం చెప్పించుకున్నట్టయింది నాకు.

జమ్మలమడుగు నుంచి పులివెందుల దారిలో ముద్దనూరు వస్తుంది. ఆ మండలంలోనే చింతకుంట ఉంది. అక్కడి బండల గుహల్లో ఆదిమానవుడి బొమ్మలున్నాయి. వాటిని బయటి లోకానికి చూపించినవాడు ఎర్విన్ న్యూమాయర్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు. ఎర్ర రంగులో జింకలు, పెద్ద మూపురం ఉన్న ఎద్దు, మనుషుల బొమ్మలు. ఆ బొమ్మలు వేసినవాళ్ళకు జంతువు కాలు ఎక్కడ మడుస్తుందో, మూపురం ఎలా ఊగుతుందో తెలుసు. దగ్గరగా, చాలాసేపు, చప్పుడు చేయకుండా చూసినవాడి చూపు అది. కొందరు ప్రబుద్ధులు పక్కనే తమ పేర్లు చెక్కారు. వాళ్ళ గురించి ఇంతకంటే రాయడం దండగ.

అమెరికా సంఘాల మూలం కూడా ఒక ఆదివాసీ దగ్గరే ఉంది. 1911లో కాలిఫోర్నియాలో ఇషి అనే మనిషి ఒంటరిగా అడవి నుంచి బయటికొచ్చాడు. తెల్లవాళ్ళ ఊచకోతల్లో యాహి తెగ నశించగా మిగిలినవాడు అతనొక్కడే. విశ్వవిద్యాలయం వాళ్ళు అతన్ని మ్యూజియంలో ఉంచారు. అక్కడ సాక్స్టన్ పోప్ అనే డాక్టరు అతని దగ్గర విల్లు చేయడం, బాణం చెక్కడం, జంతువు దగ్గరికి నక్కిపోవడం నేర్చుకున్నాడు. ఇషి 1916లో క్షయతో పోయాడు. పోప్ 1923లో పుస్తకం రాశాడు. పోప్, ఆయన మిత్రుడు ఆర్థర్ యంగ్‌ల పేర 1961లో విల్లువేటగాళ్ళ క్లబ్బు వెలిసింది. క్లబ్బు పేరులో ఇషి లేడు. వేట సామగ్రి మీద పన్ను వేసి ఆ డబ్బు వన్యప్రాణుల కోసం రాష్ట్రాలకు పంచే చట్టం అక్కడ 1937 నుంచి ఉంది. 1972లో విల్లంబుల్ని కూడా దాని కిందికి తెచ్చారు, విల్లు మీద 11 శాతం. కాబట్టి అక్కడ వేటగాడి సంఘానికి అడవి మీద మాట్లాడే హక్కు రసీదుతో సహా ఉంటుంది.

అదే 1972లో మనం వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసుకుని వేటను మూసేశాం. మంచిపని చేశాం. మహారాజులు, దొరలు, జీపుల్లో తిరిగే షికారు బాబులు ఖాళీ చేసిన అడవికి ఇంకో దారి లేదు. అమెరికా పద్ధతి తెచ్చి ఇక్కడ వేట తెరవమని నేననను. మన జనం ఎంత, మన అడవి ఎంత? నా తగాదా వేరే. వేటను మూసినప్పుడు వేటగాడి తెలివిని కూడా మూటగట్టి పారేశాం. దానికి చట్టం అవసరమే లేదు, మన నిర్లక్ష్యం చాలింది.

పారేయనక్కర్లేదని చూపినవాళ్ళు పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. పాము తోళ్ళ వ్యాపారం ఆగిపోయి వీధిన పడ్డ ఇరుళ తెగ కుటుంబాలు 1978లో మహాబలిపురం దగ్గర సహకార సంఘం పెట్టుకున్నాయి. పాముల నిపుణుడు రోములస్ విటేకర్ వాళ్ళ వెంట నిలిచాడు. అప్పటిదాకా తోలు కోసం చంపిన చేతులే పాముల్ని పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తున్నాయి. పాముకాటు మందుకు దేశంలో వాడే విషంలో పెద్ద వాటా వాళ్ళదే. 2023లో ఆ సంఘంలోని వడివేల్ గోపాల్, మాసి సదయ్యన్‌లకు పద్మశ్రీ వచ్చింది. మన నల్లమలలో చెంచులు పులుల అభయారణ్యంలో కాపలా శిబిరాల్లో పనిచేస్తున్నారు. అహోబిలం పారువేటలో స్వామి పల్లకీ మీదికి చెంచులు బాణం వేసే ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. దేవుడి ముందు విల్లుకు ఆ గౌరవం ఉంది గానీ, కాపలా పనికి మాత్రం వాళ్ళకు దక్కేది కూలీ పేరే.

పులివెందుల చేరేసరికి కథ పూర్తిగా మారిపోయింది. ఇక్కడ అరటి, చీనీ, శనక్కాయ పండించే రైతుకు అడవి జంతువు అంటే అడివిపందే. “పంది పడితే ఒక్క రాత్రికి అరెకరా దున్నేస్తాది, ట్రాక్టరు గూడా అంత బాగ దున్నదు” అన్నాడొక రైతు నవ్వుతూనే. నవ్వు వెనక మంట తెలుస్తూనే ఉంది. పంటను నాశనం చేసే జంతువును అనుమతితో చంపించే వీలు చట్టంలో ఉంది. ఆ కాగితం చేతికొచ్చేలోపు పంట అయిపోతుందని రైతుల మాట. అందుకని కొందరు పొలం చుట్టూ కరెంటు తీగ లాగుతారు, ఇంకొందరు నాటు బాంబులు పిండిముద్దల్లో పెడతారు. బాణం వేసేవాడు దేన్ని కొడుతున్నాడో చూసి కొట్టాలి. తీగ దేన్నీ చూడదు. జింక, కుక్క, మేకలకాపరి దానికి ఒకటే. విల్లు పోయిన చోట దానికంటే నీచమైన పని వచ్చి కూర్చుంది, దాన్ని చేసేవాళ్ళు వేటగాళ్ళు కూడా కాదు.

తిరుగుదారిలో వేంపల్లె దగ్గర గండి ఆంజనేయస్వామిని చూశాను. పాపఘ్ని కొండను చీల్చుకుని పోయేచోట గుడి. లంక నుంచి తిరిగొస్తూ రాముడు బాణం కొనతో బండ మీద ఆంజనేయుడి బొమ్మ గీశాడని స్థలపురాణం. చిటికెనవేలు మాత్రం మిగిలిపోయిందట. చంపే కొన బొమ్మ గీసే కొన కూడా అయిందన్న ఊహ ఈ ప్రాంతం వాళ్ళదే కావడం నాకు నచ్చింది.

ఇంతా తిరిగాక నా తీర్పు ఇది. కడప జిల్లాకు విల్లువేట సంఘం అక్కర్లేదు, జాడగాళ్ళ సంఘం కావాలి. జమ్మలమడుగు పెద్దాయన లాంటివాళ్ళు ఇంకా కొందరు బతికున్నారు, ఎక్కువమంది లేరు. లంకమలలో కలివికోడి కోసం తర్వాత జరిగే వెతుకులాటలో అటవీశాఖ, పరిశోధనా సంస్థలు వాళ్ళను దినకూలీలుగా కాకుండా జాడ చదివే నిపుణులుగా, నెల జీతంతో పెట్టుకోవాలి. నివేదికలో శాస్త్రవేత్తల పేర్ల పక్కన వాళ్ళ పేర్లు అచ్చు కావాలి. ఇక పొలాలున్న అన్నలకు ఒక మాట. పంది పడితే వెంటనే ఫోటో తీసి పరిహారానికి, అనుమతికి అర్జీ పెట్టండి, ఆలస్యమైతే పదిమంది కలిసి పోయి అడగండి. తీగకు మాత్రం కరెంటు ఇవ్వకండి. రాత్రి నీళ్ళు కట్టడానికి వచ్చే పక్క పొలం మనిషికి ఆ తీగ కనపడదు.