పద్యముల పోటీలో మా అమ్మాయి

మా అమ్మాయి యేడవ తరగతి చదువుచున్నది. నేను జనగామ ప్రాంతమున పల్లెవెలుగు బస్సులో కండక్టరును. ఈ రెండు మాటలు ముందుగా చెప్పనిదే నా సంగతి సోదరీమణులకు బోధపడదు.

గడచిన సంవత్సరము బడిపిల్లలకు మండలమున పద్యపఠనపు పోటీ పెట్టిరి. పోతనగారి భాగవతము, అష్టమ స్కంధమందలి గజేంద్రమోక్షము నుండి అయిదు పద్యములు కంఠస్థముచేసి చదువవలెను. మొదటి బహుమానము పొందినవారు మాత్రమే జిల్లాకు పోవుదురు. పోతనగారి బమ్మెర పాలకుర్తి మండలములోనిది. నా బస్సు పోవు దారికి దూరము కాదు. అందుచేత ఈ పోటీ మాకు పరాయిదిగా తోచలేదు.

నాకు ఆ పద్యములు మా నాయనమ్మ నేర్పినవి. ఆమెకు అక్షరము రాదు. పప్పు రుబ్బుచు పాడునది. ఆమె నోట విన్నదే నా నోట నిలిచినది. నేను చదువుకొన్నదాననే గాని, పుస్తకము తీసి సరిచూచుకొనవలెనని ఏనాడును తోచలేదు.

నేర్పుటకు వేళ యేది? తొలి ట్రిప్పున్న దినమున పిల్ల లేవకముందే పోదును. మలి ట్రిప్పున్న దినమున అది నిద్రించిన పిమ్మట వత్తును. 2023 డిసెంబరు 9వ తేదీ నుండి తెలంగాణములో స్త్రీలకు ఈ బస్సులలో ప్రయాణము ఉచితమైనది. మంచిదే. కాని ఎక్కిన ప్రతి స్త్రీకి సున్న టిక్కెట్టు కొట్టి యీయవలెను. నిలుచుటకు చోటులేని బస్సులో "ముందుకు జరుగుడమ్మా" యని అరచి అరచి రాత్రికి గొంతు బొంగురుపోవును. తుదకు ఒక ఉపాయము చేసితిని. అందరును నిద్రించిన పిమ్మట పెరటిలో కూర్చుండి, మా వారి ఫోనులో ఒక్కొక్క పద్యము పాడి నింపిపెట్టుదును. ఉదయము పిల్ల జడ వేసికొనుచు దానిని వినును. పదునైదు దినములలో అయిదును వచ్చినవి.

పోటీ శనివారము పది గంటలకు. తోటి కండక్టరమ్మను బతిమాలి ఆనాటికి ఒంటిగంట డ్యూటీ మార్చుకొంటిని. అంతకు మించి అడుగ నోరు రాలేదు. ఖాకీ దుస్తులతోడనే వెళ్లి వెనుక బల్లమీద కూర్చుంటిని. మా దాని వరుస పదునాలుగవది. నడుమ నడుమ ఉపన్యాసములు! పిల్లల పోటీలో పెద్దలకు ఇంతసేపు మాటలాడు కోరిక యేలనో నాకు తెలియదు. పండ్రెండు దాటినది. నేను పద్యములను మరచి గడియారమునే చూచుచుంటిని.

అప్పుడు పిలిచిరి.

చదివినది. ఏమని చెప్పుదును! మా నాయనమ్మ గొంతే. ఎక్కడ నేను రాగము తీసితినో అక్కడ తీసినది. ఎక్కడ నాకు ఆయాసము వచ్చి ఆగితినో అక్కడ ఆగినది. వచ్చిన చిక్కు అదియే.

న్యాయనిర్ణేతగా నున్న తెలుగు పండితులవారు, "బాణీ చాల బాగున్నదమ్మా. ఎవరు నేర్పిరి?" అని అడిగిరి. పిల్ల వెనుకకు తిరిగి నన్ను చేతితో చూపి, "మా అమ్మ" అని గట్టిగా చెప్పినది. అందరును నా వైపు చూచిరి. పండితులవారు మెల్లగా రెండు లోపములు చెప్పిరి. శకార షకార సకారములు మూడును ఒక్క సకారమే అయినవట, ఒత్తులు తేలిపోయినవట. ఇంకొకటి. శార్దూలమున పాదమునకు 19 అక్షరములు, మత్తేభమున 20. పాదము ముగిసినంత మాత్రమున మాట ముగియదు. ఈ పాదము కొనను మొదలైన మాట మరుపాదమున పూర్తియగుచుండును. ప్రతి పాదము కడను ఊపిరి తీసినచో మాట రెండు ముక్కలై అర్థము చెడును. "అర్థము తెలిసికొని చదువుమమ్మా" అనిరి.

అవి పిల్ల దోషములు కావు. ఒక్కొక్కటియు నాదే. లేచి చెప్పవలెననిపించినది, చెప్పలేదు. పండ్రెండున్నర అయినది. డిపోకు పరుగెత్తితిని.

సాయంకాలము మా వారు ఫోను చేసి చెప్పిరి: రెండవ బహుమానము. ఆ రాత్రి లెక్కలో ఇరువది రూపాయలు తగ్గినవి. ఎవరికి చిల్లర ఎక్కువ యిచ్చితినో తెలియదు. చేతినుండి వేసితిని.

ఇల్లు చేరునప్పటికి పిల్ల మేలుకొనియే యున్నది. బహుమానముగా టీకాతాత్పర్యములు గల భాగవత పద్యముల పుస్తక మిచ్చిరట. ఒడిలో పెట్టుకొని కూర్చున్నది.

"జిల్లాకు పోలేకపోతివి గదా తల్లీ, నా మూలమున" అంటిని.

"పోనీలే అమ్మా. నీవు సనివారము అందువు, నేనును అట్లే అంటిని" అని నవ్వినది. నాకు నవ్వు రాలేదు. కొంతసేపటికి వచ్చినది.

అన్నము తిని యిద్దరమును పుస్తకము ముందు కూర్చుంటిమి. అది తాత్పర్యము చదువుచు, మాటకు మాటకు నడుమ పెన్సిలుతో గీతలు గీయుచు వచ్చినది. నేను పాడుచుండగా పాదము చివర నా చేయి పట్టుకొని, "ఆగకమ్మా, మాట ఇంకను కాలేదు" అనును. చిన్ననాటినుండి నేను పాడుచున్న ఒక మాటకు అర్థము అప్పుడు తెలిసినది. ఇన్నాళ్లును దానిని రెండు వేరు మాటలనుకొంటిని.

రెండు పద్యములయినవి. అత్తగారు లోపలినుండి, "రేపు తొలి ట్రిప్పు గదా, నాలుగింటికి లేవవద్దా?" అని కేక వేసిరి.

"ఇదిగో, వచ్చుచున్నానండీ" అంటిని. పిల్ల మూడవ పద్యమునకు పుట త్రిప్పినది.