కాలిన మోటారు, కొత్త చుట్ట

పులివెందుల ప్రాంతపు చీనీ, అరటి తోటలు చాలావరకు బోరుబావుల మీదనే ఆధారపడినవి కావడం వల్ల, అక్కడి సేద్యంలో అన్నిటికంటె ముందు చెప్పుకోవలసిన యంత్రం వందల అడుగుల లోతున నీళ్లలో మునిగి తిరిగే సబ్‌మెర్సిబుల్ మోటారు. కోయంబత్తూరు వంటి చోట్ల తయారయ్యే ఈ మోటారును 415 వోల్టుల మూడు ఫేజుల కరెంటును దృష్టిలో పెట్టుకొని రూపొందిస్తారు. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న తోటలో మాత్రం వోల్టేజి పడిపోతుంది, ఒక్కోసారి ఒక ఫేజు పోతుంది, బోరులో నీటితోపాటు ఇసుక వస్తుంది. వోల్టేజి తగ్గితే అదే పనికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది గనుక కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంపావు రెట్లవుతుంది. తీగకు తీగ తగలకుండా కాపాడే ఇన్సులేషన్ తొడుగు ఆ వేడికి మెత్తబడి చెడిపోయినప్పుడే రైతు మోటారు కాలిందంటాడు.

కాలిన మోటారు ఒక్క చేతిమీదుగా బాగుపడదు. తీగ చుట్టేది వైండింగ్ షాపు, అరిగిన బుష్షును, షాఫ్టును సరిచేసేది లేత్ షెడ్డు, పగిలిన ఇనుమును అతికేది వెల్డింగ్ షాపు. జమ్మలమడుగు వైపు కడప రాళ్లను కోసి నునుపుచేసే యంత్రాలకూ, ప్రొద్దుటూరులోని నూనె మిల్లులకూ కావలసినవి ఇవే పనులు. ఒక యంత్రంలో నేర్చిన కిటుకు మరో యంత్రానికి అక్కరకు రావడం ఇటువంటి ఉమ్మడి పనితనంలోని గొప్ప సదుపాయం.

వైండరు కాలిన చుట్టను విప్పేటప్పుడే గాడికి ఎన్ని చుట్లు, తీగ ఏ గేజి, చుట్ట ఏ గాడి నుంచి ఏ గాడికి పోయిందనే లెక్కలు రాసుకుంటాడు. అతని ప్రతిభ ఆ లెక్కను యథాతథంగా దించడంలో కాక, అవసరమైన చోట మార్చడంలో కనిపిస్తుంది. వోల్టేజి ఎప్పుడూ తక్కువగా ఉండే తోట మోటారుకు చుట్లు తగ్గించి, ఖాళీ అయిన జాగాలో లావు తీగ వేస్తే, అది తక్కువ వోల్టేజిలోనూ బలంగా తిరుగుతుంది. కర్మాగారం చేయని ఈ సవరణ నిజమైన ఇంజనీరింగే. అయితే వోల్టేజి పూర్తిగా వచ్చినప్పుడు అదే మోటారు అవసరానికి మించిన కరెంటు లాగి వేడెక్కుతుంది, కనుక ఒక తోటకు మేలైన చుట్ట మరో తోటకు చేటు కావచ్చు.

పులివెందుల శాసనసభ్యుడైన వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2004 మేలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు దస్త్రంపై సంతకం చేశారు. కరువు సీమ రైతుకు అది పెద్ద ఊరట. దానితోపాటు మోటారు ఎంత కరెంటు మింగుతున్నదీ అతని లెక్కలోకి రాకుండా పోయింది. కాలితే నష్టం అతనిది, వృథా అయితే నష్టం విద్యుత్ సంస్థది, ప్రభుత్వానిది. అందుచేత వైండరు సవరణలు సహజంగానే మోటారు ఆయుష్షు వైపు సాగాయి, పొదుపు వైపు సాగలేదు. తప్పు అతనిది కాదు. ఎవరూ అడగని గుణాన్ని ఏ పనివాడూ కొలవడు.

తెలంగాణలోని ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం చేసిన ఆసు యంత్రానికి, అంటే చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే పనిని చేతికి తప్పించిన యంత్రానికి గాను, 2017లో ఆయనకు పద్మశ్రీ గౌరవం దక్కింది. వైండింగ్ షాపుల సవరణలకు మాత్రం అటువంటి కర్త పేరు లేదు; వాటికి కొలత కూడా లేకపోవడమే ఎక్కువ బాధాకరం. పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నది. చుట్టిన మోటారును అక్కడ ఒక పరీక్షా బల్లపై వేర్వేరు వోల్టేజిల్లో తిప్పి, తీసుకున్న కరెంటునూ, ఎత్తిపోసిన నీటినీ కొలిచి చూపగలిగితే, ఏ తోటకు ఎన్ని చుట్లు తగ్గించాలో, ఎక్కడ ఆగాలో వైండరు నోటుపుస్తకంలోనే అంకెలతో చేరుతుంది.