నిషేధం రేకులు

మా అమ్మమ్మ నా వయసు సంవత్సరాల్లో చెప్పదు. ఎవరడిగినా, "కొట్టు మళ్ళీ తెరిచిన నెల్లో పుట్టింది ఇది" అంటుంది. నేను పుట్టింది 1997 ఏప్రిల్లో. ఆ నెల ఒకటో తారీఖు నుంచే రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం ఎత్తేశారు. చిన్నప్పుడు కొట్టంటే కిరాణా కొట్టే అనుకునేదాన్ని. నేను పుట్టగానే పప్పులూ బెల్లం అమ్మే కొట్టొకటి తెరిచారని, ఆ లెక్కన నేను అదృష్టజాతకురాలినని లోపల్లోపల మురిసిపోయేదాన్ని.

మొన్న డిసెంబరులో కొలంబస్ నుంచి మా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. మాటల్లో అక్కడి గంజాయి గొడవ చెప్పుకొచ్చాడు. ఒహాయోలో 2023 నవంబరులో జనమే ఓటేసి, 21 ఏళ్ళు దాటినవాళ్ళు గంజాయి వాడుకోవచ్చని చట్టం చేసుకున్నారు. 57 శాతం మంది ఒప్పుకున్నారు. రెండేళ్ళు తిరిగాయో లేదో, అక్కడి శాసనసభ ఆ చట్టాన్ని సవరించేసింది. పక్క రాష్ట్రంలో కొన్నది వెంట తెచ్చుకుంటే ఇప్పుడు నేరమట. గవర్నరు సంతకం కూడా అయిపోయింది. "జనం ఓటేసి చేసుకున్నదాన్ని వీళ్ళెలా మారుస్తారే?" అన్నాడు అన్నయ్య. వాడేం గంజాయి తాగేవాడు కాదు. వాడి బాధ ఆ మార్చడం గురించే.

ఫోన్ పెట్టేశాక చదివాను. అక్కడ జనం నేరుగా ఓటేసి చేసినా, అది మామూలు చట్టమైతే శాసనసభ దాన్ని మార్చుకోవచ్చు. రాజ్యాంగంలోకే ఎక్కిస్తే మళ్ళీ జనాన్ని అడగందే ముట్టుకోలేరు. అదే రోజు అదే ఓటర్లు గర్భస్రావం హక్కుని రాజ్యాంగంలో పెట్టుకున్నారు కాబట్టి అది నిలబడింది. గంజాయిని చట్టంలో పెట్టుకున్నారు కాబట్టి అది కత్తెరకి దొరికింది.

ఇదంతా చదువుతుంటే నాకు మా ఇంటి రేకులు గుర్తొచ్చాయి.

మాది కొల్లేటి లంక ఊరు. ఆకివీడు దాటాక చెరువు గట్ల మీదుగా పోవాలి. మా తాతయ్య దోనె మీద వేటకి పోయేవాడు, వేట లేనప్పుడు చేపల చెరువుల్లో కూలికెళ్ళేవాడు. చేతిలో పడ్డ డబ్బు ఇంటికి రావాలంటే దారిలో సారా కొట్టు దాటాలి. అమ్మమ్మ లెక్క ప్రకారం ఆ కొట్టుకీ మా గుమ్మానికీ మధ్య దూరం నలభై అడుగులు. సారా అప్పుడు పాకెట్లలో వచ్చేది. 'వారుణి వాహిని' పేరుతో ప్రభుత్వమే పాకెట్లు ఊరూరా అందేలా చేసింది. అది మొదలైంది కూడా ఎన్టీఆర్ తొలి ప్రభుత్వ హయాంలోనే. ఈ సంగతి చెప్తే అమ్మమ్మ ఇప్పటికీ నమ్మదు. "ఆయన ఆపాడు గానీ ఆయన పెట్టడమేంటి" అంటుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళ కబురు మా లంకలోకీ వచ్చింది. రాత్రి బళ్ళకి వెళ్ళి నాలుగక్షరాలు నేర్చుకుని, 'సీతమ్మ కథ' అనే పాఠం చదివి, లేచి వెళ్ళి సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ కబురు. వర్ధినేని రోశమ్మ పేరు అమ్మమ్మకి తెలీదు. "నెల్లూరు ఆడోళ్ళు" అనేది, అంతే. సారా వేలం పాటలు జరగనివ్వలేదు వాళ్ళు. 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాని నిషేధించింది. బ్రాందీ, విస్కీ మాత్రం ఉండిపోయాయి. 1994 ఎన్నికల్లో, అవి కూడా లేకుండా చేస్తానన్నాడు ఎన్టీఆర్.

అమ్మమ్మ అంతకుముందు తాతయ్య చెప్పిన గుర్తుకే గుద్దేది. ఆ డిసెంబరులో మొదటిసారి చెప్పిన మాట వినలేదట. బూతు నుంచి బయటికొస్తుంటే తాతయ్య, "దేనికి గుద్దావ్?" అనడిగితే, "నీ సీసా మీద గుద్దాను" అందట. 294 స్థానాల్లో తెలుగుదేశానికి 216 వచ్చాయి, కాంగ్రెస్‌కి 26. ప్రమాణ స్వీకారం రోజే ఎన్టీఆర్ నిషేధం దస్త్రం మీద సంతకం పెట్టాడు. 1995 జనవరి 16 నుంచి అమలు.

దాంతో తాతయ్య తాగుడు మానేశాడా? లేదు. ఇది దాచిపెట్టి కథ చెప్తే అమ్మమ్మే ఒప్పుకోదు. కిక్కిస పొదల్లో బట్టీలు పెట్టి బెల్లం ఊట కాచేవాళ్ళున్నారు. యానాం మనది కాదు, పుదుచ్చేరి ప్రభుత్వానిది. అక్కడ్నించి సీసాలొచ్చేవి. కానీ నలభై అడుగుల దూరం పోయింది. ఇప్పుడు తాగాలంటే దోనె కట్టుకుని పొదల్లోకి పోవాలి, పోలీసులొస్తే నీళ్ళలోకి దూకాలి, లేదంటే యానాం సీసాకి మూడింతలు పెట్టాలి. రోజూ తాగేవాడు వారానికోసారి తాగాడు. "మానిపించమని ఎవరడిగారే? కాస్త దూరం జరపమన్నాం. జరిపాడు మహానుభావుడు" అంటుంది.

మిగిలిన ఆరు రోజుల కూలీ పోగేసి, 1996లో తాటాకు తీసేసి రేకులు వేయించింది. నిషేధం నడిచింది మొత్తం 26 నెలలు. వాటిల్లో మిగిలిన డబ్బు ఆ రేకులు. మా ఇంట్లో వాటి పేరే అది: నిషేధం రేకులు. "నిషేధం రేకులు కారుతున్నాయి, మావయ్యని పిలు" అనుకునేవాళ్ళం వానాకాలం.

ఈలోపు హైదరాబాదులో వేరే కథ నడిచింది. 1995 ఆగస్టులో ఎన్టీఆర్‌ని సొంత ఎమ్మెల్యేలే దించేశారు. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యాడు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ పోయాడు. ఏడాది తర్వాత మద్యనిషేధ చట్టానికి సవరణ వచ్చింది. మధ్యలో శాసనసభ ఎన్నికలేం జరగలేదు. నిషేధం తెస్తామని చెప్పి గెలిచిన శాసనసభే నిషేధం తీసేసింది. ఖజానా ఖాళీ అయిందన్నారు, దొంగసారా ఆగడం లేదన్నారు. రెండూ అబద్ధం కావు. హర్యానా కూడా 1996లో నిషేధం పెట్టి 1998లో ఎత్తేసింది. తీసేయడానికి కారణాలు ఎప్పుడూ ఉంటాయి. పెట్టడానికీ ఉన్నాయి కదా.

నాకు విచిత్రంగా అనిపించేది ఇంకోటి. ఆ చట్టాన్ని రద్దు చేయలేదు. సారా మీద నిషేధం అలాగే ఉంచి, మిగతాదానికి దారి వదిలారు. ఇవాళ్టికీ నాటుసారా కేసులు 1995 నాటి ఆ చట్టం కిందే రాస్తారు. మద్యం అమ్మకాలు చూసుకునే శాఖ పేరు ఇప్పటికీ ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖే. బోర్డు మీద నిషేధం, లోపల లైసెన్సు.

కొట్టు తెరిచారని అమ్మమ్మకి ఎవరూ చెప్పలేదు. మా అమ్మ పురిటికి పుట్టింట్లోనే ఉంది. సాయంత్రం పొద్దుపోయినా తాతయ్య రాకపోతే వెతుక్కుంటూ వెళ్తే, పాత చోటే, కొత్త బల్ల వేసుకుని, సీసాలు పెట్టుకుని కూర్చున్నారట. అప్పుడు తెలిసింది. "మార్చుకుంటే మార్చుకున్నారు. ఓటు కోసం గుమ్మంలోకి వచ్చినోళ్ళు, తీసేసేటప్పుడు కూడా వచ్చి ఓ మాట చెప్పొద్దా?" ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే ప్రశ్న. తాతయ్య 2003లో కాలేయం పాడైపోయాడు.

ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తే బాగుంటుంది. మేం మంచివాళ్ళం, శాసనసభ చెడ్డది. కానీ నా చదువు సంగతి చెప్పాలి.

2006లో కొల్లేరు అభయారణ్యంలో చెరువుల గట్లు పేల్చేశారు. అయిదో కాంటూరు లోపల చెరువులుండకూడదు. మావయ్యకి ఊళ్ళోవాళ్ళతో కలిపి ఉన్న చెరువు వాటా ఆ నీళ్ళలో కలిసిపోయింది. అప్పట్నుంచి ఆయన ఏలూరు, కైకలూరు, భీమడోలు తిరిగి పట్టుబడులకి కూలికెళ్ళేవాడు. 2014లో నేను ఇంటర్ పాసయ్యాను. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ సీటొచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోను హాస్టలూ, పుస్తకాలూ, బస్సూ. ఆ ఏడాది మావయ్య ఊళ్ళో బెల్టు షాపు పాట పాడాడు.

బెల్టు షాపంటే తెలియనివాళ్ళకి: లైసెన్సున్న షాపు నుంచి సీసాలు తెచ్చి ఊళ్ళో పైన పదో ఇరవయ్యో వేసుకుని అమ్మే కొట్టు. చట్టంలో అలాంటిది లేదు. ఊళ్ళో మాత్రం రామాలయం దగ్గర పెద్దలు కూర్చుని పాట పెడతారు. ఎక్కువ పాడినవాడే ఏడాదంతా అమ్ముకోవాలి, ఇంకెవడూ అమ్మకూడదు. పాట డబ్బు గుడికీ, ఊరి ఖర్చులకీ. పాడాలంటే ఊళ్ళో ఏ పార్టీది పైచేయో వాళ్ళ మాట ఉండాలి. మావయ్య అప్పుడు భుజం మీద కండువా మార్చాడు. తర్వాత ఇంకోసారి మార్చాడు. ఎన్నికలప్పుడు రెండు వైపుల వాళ్ళూ పంచే సీసాలు ఆ కొట్లోంచే వెళ్ళేవి. 2014 జూన్‌లో కొత్త ప్రభుత్వం తొలి సంతకాల్లో ఒకటి బెల్టు షాపుల రద్దు మీదే. ఆ టీవీ వార్త మేం బెల్టు షాపు అరుగు మీద కూర్చునే చూశాం. ఆ అరుగు మాదే. నలభై అడుగుల దూరం కూడా లేదిప్పుడు.

నాలుగేళ్ళు ఆ డబ్బుతో చదివాను. సెలవులకి వచ్చినప్పుడు పగలు తలుపు వేసుకుని చదువుకునేదాన్ని. గోడవతల మా స్నేహితురాళ్ళ నాన్నల గొంతులు వినిపించేవి. ఒకరోజు ఒకావిడ వచ్చి అరుగు మీద గాజులు పగలగొట్టుకుని తిట్టింది. మావయ్యని కాదు, అమ్మమ్మని. "నువ్వూ ఆడదానివేనా?" అంది. అమ్మమ్మ ఏమీ అనలేదు. లోపలికొచ్చి చేపలు తోముకుంటూ కూర్చుంది. 2017లో రేకులు దించేసి స్లాబు వేశారు. ఆ రేకులు ఇప్పుడు చెరువు గట్టు మీద మేత బస్తాలుంచే పాకకి ఉన్నాయి.

తర్వాత సంగతి మీకు తెలిసిందే. 2019లో దశలవారీ నిషేధం అన్న పార్టీ గెలిచింది. ఆ అక్టోబరు నుంచి షాపులు ప్రభుత్వమే నడిపింది, ధరలు పెంచింది. బెల్టు షాపు మూతపడింది. అమ్మమ్మ కాస్త ఆశపడింది కూడా. 2022లో అదే ప్రభుత్వపు బెవరేజెస్ కార్పొరేషన్, మద్యం రాబడి చూపించి 8 వేల కోట్లకు పైగా బాండ్ల మీద అప్పు తెచ్చింది. రాబోయే ఏళ్ళలో జనం తాగబోయేదాన్ని ముందే తాకట్టు పెట్టాక, ఇంక నిషేధించేదెవరు? ఆ మార్చిలోనే జంగారెడ్డిగూడెంలో వరసగా మనుషులు చనిపోయారు. కల్తీసారా అని ప్రతిపక్షం, సహజ మరణాలని ప్రభుత్వం. 2024కి వచ్చేసరికి నాణ్యమైన మందు తక్కువ ధరకి ఇస్తామన్నదే ఎన్నికల వాగ్దానం అయింది. ఆ అక్టోబరులో లాటరీ తీసి 3,396 షాపులు ప్రైవేటు వాళ్ళకిచ్చారు. క్వార్టరు 99 రూపాయలు. చెప్పిన మాట నిలబెట్టుకున్నారు.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మమ్మకి ఒహాయో సంగతి చెప్పాను. గంజాయికి ఓటేశారంటే ముందు నవ్వింది. శాసనసభ మార్చేసిందనగానే నవ్వు ఆపింది.

"వచ్చి అడిగారంటా?"

"లేదు."

"అక్కడా అంతేనన్నమాట."

కాసేపాగి, ఇన్నేళ్ళుగా గొంతులో ఉన్నది అడిగేశాను. "మావయ్య పాట పాడుతుంటే నువ్వెందుకు ఆపలేదు?"

"ఆపడమేంటి? బయానా డబ్బుకి నా పుస్తెలు కుదవ పెట్టింది నేనే కదా."

నాకు మాట రాలేదు. ఆవిడ మాత్రం మామూలుగానే ఉంది. చేటలో బియ్యం ఏరుకుంటూ చెప్పింది. "ఓటేసి మూయిస్తే తెరిచారు. మళ్ళీ ఎవరో ఒకడు పాడతాడు, ఎవరో ఒకడు అమ్ముతాడు. ఆ డబ్బు ఎవరింటికో పోయే బదులు నీ ఫీజైనా అవుద్దనుకున్నా. తప్పే. తెలిసే చేశా."

ఆ మాట పట్టుకునే హైదరాబాదు వచ్చాను. శాసనసభ సవరణ మా ఊరికి పుస్తకంలో అక్షరాలుగా రాలేదు. తన ఓటుతో కొట్టు మూయించగలనని నమ్మిన మనిషి, మెళ్ళో పుస్తెలు తీసి అదే కొట్టు తెరిపించేదాకా వచ్చింది. మధ్యలో ఇరవై ఏళ్ళు పట్టింది. అన్నయ్యకి ఇదంతా రాద్దామనుకున్నాను. రాయలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే చెరువు గట్టు దాకా నడిచాను. పాక మీద రేకులు తుప్పుపట్టి ఎర్రగా ఉన్నాయి. రెండు చోట్ల చిల్లులు పడ్డాయి. ఈ వానాకాలానికి మార్చేయాలి అన్నాడు మావయ్య. మార్చేముందు అమ్మమ్మకి ఒక మాట చెప్పమన్నాను.