రెంటిలోనూ లేనిది

కొత్త కథకుడు కనిపిస్తే చాలు, ‘కాస్త చలం, కాస్త బుచ్చిబాబు’ అని తేల్చేస్తుంటాం. అది కూడికల లెక్క. రెండు కలిసినప్పుడు జరిగేది గుణకారమేమో అనే అనుమానం నాకు సాహిత్యం వల్ల రాలేదు. పరిమిత జనరల్ లీనియర్ గ్రూపుల వల్ల వచ్చింది.

పేరు చూసి భయపడకండి. వాటిలో చాలా చిన్నదాన్ని తీసుకుందాం. 0, 1 మాత్రమే వాడి, 1+1=0 అనుకుని 2×2 మాత్రికలు రాస్తే, విలోమం ఉన్నవి సరిగ్గా 6. అదే మన గ్రూపు. దీనికి మూల క్యారెక్టర్లు మూడే. క్యారెక్టర్ అంటే గ్రూపులోని ఒక్కో రకం సభ్యుడికీ ఒక్కో సంఖ్య ఇచ్చే జాబితా. ఇక్కడ రకాలు మూడు: తత్సమ మాత్రిక 1, రెండుసార్లకి మొదటికొచ్చేవి 3, మూడుసార్లకి వచ్చేవి 2.

స్టైన్‌బర్గ్ క్యారెక్టర్ విలువలు వరసగా 2, 0, −1. టెన్సర్ గుణకారమంటే ఎక్కడి విలువని అక్కడే గుణించడం. దాన్ని దానితోనే గుణిస్తే 4, 0, 1. కోడ్‌లో ఒక్క లైను పని. ఆ 4, 0, 1 లోపల ఎవరెవరున్నారన్నదే అసలు ప్రశ్న. విడదీస్తే మూల క్యారెక్టర్లు మూడూ ఒక్కోసారి దొరుకుతాయి.

అందులో 1, −1, 1 అనేది కస్పిడల్. అంటే చిన్న గ్రూపుల నుంచి పైకి కట్టుకొచ్చే పద్ధతికి దొరకనిది. స్టైన్‌బర్గ్ మాత్రం ఆ పద్ధతికే దొరుకుతుంది. కింది నుంచి కట్టినదాన్ని దానితోనే గుణిస్తే, కింది నుంచి కట్టలేనిది బయటికొచ్చింది!

ఈ గ్రూపులన్నిటి క్యారెక్టర్లనీ లెక్కించే దారి 1955లోనే జె. ఎ. గ్రీన్ చూపించాడు. పట్టిక చేతిలో ఉంటే ఏ ఒక్క లెక్కయినా చెయ్యొచ్చు. అన్ని సైజులకీ కలిపి, ఏ గుణకారంలో ఏది ఎన్నిసార్లు వస్తుందో చెప్పాలంటేనే చిక్కు. 2011లో హౌసెల్, లెతెల్లియే, రోద్రిగెస్-విల్లెగాస్ కొన్ని గుణకారాలకి జవాబు చెప్పడానికి క్వివర్ వెరైటీల జ్యామితి దాకా వెళ్లాల్సొచ్చింది.

మా ఇంట్లో నాది అనంతపురం యాస, మా ఆవిడది శ్రీకాకుళం. పాప మాట్లాడుతుంటే చుట్టాలు ‘ఇది నాన్నది, అది అమ్మది’ అని పంచేసుకుంటారు. ఆ పంపకంలో మిగిలిపోయే మాటలు కొన్నుంటాయి. ఎవరివీ కావవి. నేను చెవి పెట్టేది వాటికే.

కథ చదివేటప్పుడూ అంతే. చలం ఎంత, బుచ్చిబాబు ఎంత అన్నది తేలాక విమర్శ ముగిసిందనుకోను. ఇద్దరిలోనూ లేనిది ఏదైనా బయటికొచ్చిందా అని అడగడంతోనే అది మొదలవుతుంది.