పిలవని పేరంటాళ్ళు

చీర కొంటే జాకెట్టుగుడ్డ ఉచితం, కాఫీపొడి కొంటే చెంచా ఉచితం. ఉచితం అన్న మాట చెవిన పడితే చాలు, మన చెయ్యి దానంతటదే ముందుకు సాగుతుంది. తీరా ఇంటికి తెచ్చాక ఆ చెంచా ఏ డబ్బాలోనూ పట్టదు. పారేద్దామంటే ప్రాణం ఒప్పదు. అలా ఓ అలమార నిండిపోయాక దుమ్ము దులపవలసింది మాత్రం మనమే, ఇచ్చినవాడు కాదు.

కంప్యూటర్ల లోకంలోనూ ఇదే భాగోతం. సెల్‌ఫోను కొన్న ప్రతివారికీ అనుభవమే కదా! మనం అడగని ఆటలూ, అడగని దుకాణాలూ మనకంటే ముందే అందులో కాపురం పెట్టి ఉంటాయి. కొన్నయితే పొమ్మన్నా పోవు. ఫోనంటే సరదా వస్తువు, పోనీ అనుకోవచ్చు. సర్వరు అనే యంత్రానికి కూడా ఈ బెడద ఉందని తెలిసినప్పుడు మాత్రం నేను నిజంగానే ముక్కున వేలేసుకున్నాను.

సర్వరంటే వడ్డించేది అని అర్థం. ఒక ఆఫీసులో పదిమంది పది కంప్యూటర్ల ముందు కూర్చుంటే, వాళ్ళందరికీ కావలసిన లెక్కలూ పత్రాలూ ఒక్కచోట భద్రపరచి, అడిగినవారికి అడిగింది అందించే యంత్రం. దానికి రాత్రనీ పగలనీ లేదు, ఆదివారం సెలవనీ లేదు. దాని ముందు ఎవరూ కుర్చీ వేసుకుని కూర్చోరు. చాలాచోట్ల దానికి తెర కూడా ఉండదు. పెళ్ళివారింటి వంటశాలలాంటిదన్నమాట. ఆ వంటశాలలో పేకాట బల్ల ఎందుకు చెప్పండి?

ఉందిట! మైక్రోసాఫ్టు వారి విండోస్ సర్వర్ 2016ను మామూలు తెరతో సహా పెట్టుకున్నవారికి అందులో ఎక్స్‌బాక్స్ తాలూకు సేవలు రెండు కనిపించాయి. ఎక్స్‌బాక్స్ అంటే పిల్లలు టీవీకి తగిలించి ఆడుకునే ఆటల పెట్టె. ఆటగాడు ఫలానావాడేనని గుర్తుపట్టేది ఒకటి, ఆట ఎంతవరకు వచ్చిందో దాచిపెట్టేది రెండోది. జీతాల లెక్కలు చూసే యంత్రంలో వీటికేం పని? ఇంట్లో వాడే విండోస్ 10కూ ఈ సర్వరుకూ పునాది ఒకటే. అంచేత అక్కడి సామాను కొంత ఇక్కడికీ దిగిపోయింది. ఆ తరువాత మైక్రోసాఫ్టు వారే ఒక పట్టిక వేసి ఇచ్చారు. ఏ సేవ ఆపేయాలి, ఏది ఆపినా ఫరవాలేదు, దేని జోలికి వెళ్ళకూడదు అని. ఈ రెండిటికీ ఎదురుగా ఆపేయాలనే ఉంది. పెట్టిన చేత్తోనే ఆపుకోమని చీటీ రాసివ్వడం ఎంత ముచ్చటో!

ఇదంతా నాకు చెప్పినవాడు మా చెల్లెలి కొడుకు. నాలుగైదు చిన్న సంస్థల సర్వర్లు చూసుకోవడం వాడి ఉద్యోగం. అందరి పనీ అయ్యాక మొదలయ్యే పని కాబట్టి, శనివారం రాత్రి మా ఇంటికి భోజనానికి వచ్చినా సంచిలో కంప్యూటరుతోనే వస్తాడు.

"ఓ మూల పడుంటే నష్టమేముందిరా? తిండి పెట్టాలా, బట్ట పెట్టాలా?" అన్నాను.

"తిండి కూడా తింటాయి పెద్దమ్మా, ఎంతో కొంత. కానీ అసలు బాధ అది కాదు. ప్రతి సేవా ఒక తలుపు. వాడని తలుపుకు గడియ సరిగ్గా పడిందో లేదో ఎవరూ చూడరు" అన్నాడు.

అంటూ అచ్చు వేయించే సేవ సంగతి చెప్పాడు. విండోస్‌లో ప్రింట్ స్పూలర్ అని ఒకటుంది. కాగితాలను వరుసలో నిలబెట్టి ప్రింటరుకు పంపడం దాని పని. ప్రింటరన్నదే లేని సర్వరులో కూడా అది దానంతటదే మేలుకుని కూర్చుంటుంది. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే పురుగు, ఇరాన్ దేశపు అణు కేంద్రంలో యంత్రాలను పాడుచేసిందే, అది ఒక కంప్యూటరు నుంచి ఇంకోదానికి పాకడానికి వాడుకున్న దారుల్లో ఈ సేవలోని లోపం ఒకటి. ఆ కంత పూడ్చారు. పదకొండేళ్ళ తరువాత, 2021 జూన్ నెలాఖరులో, అదే సేవలో ఇంకో కంత బయటపడింది. దానికి ప్రింట్‌నైట్‌మేర్ అని పేరు పెట్టారు. అచ్చుపీడకల అనుకోండి. మామూలు గుమాస్తా పేరుతో లోపలికి వచ్చినవాడు కూడా దాని గుండా యంత్రం మొత్తానికి యజమాని అయిపోవచ్చు. మైక్రోసాఫ్టు వారు మామూలు రోజు కోసం ఆగకుండా జులై 6న మరమ్మతు విడుదల చేశారు. మరో వారానికి అమెరికా ప్రభుత్వపు సైబరు భద్రతా సంస్థ అత్యవసర ఆదేశం జారీ చేసింది. ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని రానివ్వకూడదో తేల్చే సర్వర్లు ప్రభుత్వ కార్యాలయాల్లో ఎన్ని ఉన్నాయో, అన్నిటిలోనూ ఈ సేవను ఆపి తీరాలని. ఒక్క కాగితం కూడా అచ్చు వేయని యంత్రాలకు అచ్చు సేవ వల్ల వచ్చిన తంటా ఇది.

సరే, అయితే తీసి పారేయవచ్చు కదా అంటారా? తీయడంలోనే ఉంది తిరకాసంతా.

కొన్నిటిని అసలు తీయడానికే రాదని పెట్టినవారు వాదిస్తారు. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్టు మీద వేసిన దావాలో ఇదొక పెద్ద తగవు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ విండోస్‌లో కలిసిపోయిన భాగం, విడదీస్తే కుదరదని కంపెనీ అంది. ప్రభుత్వం తరఫున సాక్ష్యం చెప్పిన ఎడ్వర్డ్ ఫెల్టెన్ అనే ప్రిన్స్‌టన్ ప్రొఫెసరు, దాన్ని తొలగించే ప్రోగ్రామే ఒకటి తయారు చేయించి కోర్టుకు పట్టుకొచ్చాడు. అది పూర్తిగా తొలగించలేదని వారు, సరిపోయేంత తొలగించిందని వీరు. గోడలో కలిపి కట్టిన అలమారా, గోడకు ఆనించి పెట్టిన అలమారా అన్న ప్రశ్న మీద ఎంతమంది వకీళ్ళు బతికారో!

లైనక్స్ రకం సర్వర్లలో తీయడం కాస్త మర్యాదగా ఉంటుంది. డెబియన్, ఉబుంటు అనే వాటిలో ఇందుకు మాటలే వేరువేరుగా ఉన్నాయి. రిమూవ్ అంటే మనిషి వెళ్ళిపోతాడు గాని వాడి ట్రంకుపెట్టె, అంటే వాడి అమరికలు, అక్కడే ఉంటుంది. మళ్ళీ వస్తే పనికొస్తుందని. పర్జ్ అంటే పెట్టెతో సహా సాగనంపడం. ఆటోరిమూవ్ అని ఇంకొకటి. వచ్చినవాడు తన వెంట తెచ్చుకున్న పరివారం, వాడు పోయాక ఇంకెవరికీ అక్కర్లేకపోతే, వాళ్ళను కూడా పంపించేయడం. మన ఇళ్ళలో కూడా ఇలా మూడు మాటలుంటే ఎంత హాయిగా ఉండునో, చెప్పకూడదు గాని.

ఈ మాటల్లో ఏది కొట్టినా యంత్రం చటుక్కున పని కానివ్వదు. ఇదిగో, దీనితోపాటు ఇవన్నీ కూడా పోతాయి, సరేనా అని జాబితా చూపించి అడుగుతుంది. ఆ జాబితా దగ్గరే మా వాడు ఎక్కువసేపు ఆగుతాడు. ఒక పేరు తీస్తే దాన్ని ఆనుకుని నిలబడ్డ నలభై పేర్లు కూలిపోవచ్చు. పైథాన్ అనే భాషను అక్కర్లేదనుకుని తీసేసినవారికి సగం యంత్రం ఖాళీ అయిపోయిన కథలు బోలెడున్నాయిట. పెట్టేటప్పుడు మాత్రం ఇంత పొడుగు జాబితా చూపించి, అమ్మా ఇవన్నీ తెస్తున్నాం, సరేనా అని ఎవరూ అడగలేదు. నాకు అదే ఒళ్ళు మంట.

ఆ రాత్రి వాడు చూస్తున్నది ఒక చిన్న రక్తపరీక్షల కేంద్రం సర్వరు. అమ్మినవాళ్ళు (పేరెందుకు లెండి) మూడు నెలల ఉచిత ముచ్చటకని ఏదో వైరస్ కాపలా, తమ సొంత ప్రచారపు ప్రోగ్రాములు రెండు మూడు అంటగట్టి పంపారు. ఉచితం గడువు తీరాక ఆ కాపలావాడు రోజూ డబ్బు కట్టమని పోరుతున్నాడు. వాటిని తీసేశాడు. అచ్చు సేవను ఆపేముందు మాత్రం ఆ కేంద్రం మేనేజరుగారికి ఫోను చేశాడు.

"రిపోర్టులు ఎక్కడ ప్రింటు చేస్తారు సార్? ముందు బల్ల మీది కంప్యూటర్లోంచేనా? సర్వరు నుంచి ఏదీ లేదుగా?"

లేదని చెప్పాక ఆపాడు. తరువాత ఇంకో పేరు కనిపించింది. అర్థంలేని అక్షరాలు నాలుగు, పక్కన అంకె. ఎప్పుడో పెట్టింది, ఎవరు పెట్టారో రాసి లేదు. నేనైతే చెత్తేననుకున్నాను, పేరు చూస్తే అలాగే ఉంది మరి. వాడు మళ్ళీ ఫోను చేశాడు. రాత్రి పదకొండింటికి పాపం ఆయన నిద్ర గొంతుతో, "అది ముట్టుకోకు బాబూ, రక్తం పరీక్ష చేసే మెషీను అంకెలు దాని గుండానే వస్తాయి" అన్నారు. దాన్ని తీసేసి ఉంటే సోమవారం పొద్దున్న పరగడుపున వచ్చి రక్తం ఇచ్చి, ఫలితం చూసి మాత్ర వేసుకుందామని కూర్చున్న ముసలివాళ్ళకు షుగరు అంకె అందేది కాదు.

నాకు అప్పుడనిపించింది, అక్కర్లేనిదని తేల్చవలసింది తీసేవాడు కూడా కాదని. అడగకుండా పెట్టినవాడిని ఇంతసేపు తిట్టుకున్నాను గదా, అడగకుండా తీసేవాడు వాడి అన్నగారే అవుతాడు.

తీసినవి తిరిగి రాకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. ఉబుంటులో స్నాప్ అని సాఫ్టువేరు అందించే పద్ధతి ఒకటుంది. ఒకసారి మూటకడితే అన్ని తరాల యంత్రాలకూ సరిపోతుంది, శ్రమ తగ్గుతుందని దాన్ని పెట్టినవారి వాదన. అందులో న్యాయం లేకపోలేదు. కానీ 2019 చివరి నుంచి క్రోమియం అనే బ్రౌజరును పాత పద్ధతిలో అడిగినా, లోపల ఖాళీ మూట ఒకటి వచ్చి, అది ఈ స్నాప్‌ను వెంటబెట్టుకొచ్చేది. ముందు గుమ్మంలోంచి పంపిన చుట్టం పెరటి గుమ్మంలోంచి కాఫీ గ్లాసుతో ప్రత్యక్షమైనట్టు! ఉబుంటు మీదే కట్టుకున్న లినక్స్ మింట్ వారికి ఇది నచ్చక, 2020లో ఒక చిన్న కాగితం అంటించారు. ఆ పేరుకు మైనస్ పది మార్కులు. ఎవరు వెంట తెచ్చినా గడప దాటనివ్వరు. కావాలనుకున్నవారు ఆ కాగితం చింపి తెచ్చుకోవచ్చు. నాకు ఈ ఏర్పాటు నచ్చింది, తలుపు మీద తాళం ఉంది, తాళంచెవి ఇంటివారి దగ్గరే ఉంది.

అసలు మొదటే పెట్టకపోతే ఈ గొడవే ఉండదు గదా అన్నాను. ఉందిట అదీ. 2008 విండోస్ సర్వరు నుంచి సర్వర్ కోర్ అని, బొమ్మలూ కిటికీలూ లేని ఏర్పాటు ఒకటి ఇస్తున్నారు. అన్నీ టైపు చేసి చెప్పుకోవాలి. "మరి అదే పెట్టుకోరేం?" అంటే, "బొమ్మ లేకపోతే మేనేజరుగారు భయపడతారు పెద్దమ్మా" అన్నాడు.

ఒంటిగంటకు యంత్రాన్ని ఓసారి ఆపి మళ్ళీ లేపాడు. అన్నీ లేచాయి. తీసినవేవో, ఆపినవేవో, ఎవరినడిగి చేశాడో తేదీతో సహా నా పాత నోటుపుస్తకం కాగితం మీద రాసుకున్నాడు, సోమవారం వెళ్ళి సర్వరు పక్కనే అంటిస్తాట్ట. మైక్రోసాఫ్టు వారి మరమ్మతులు నెలనెలా రెండో మంగళవారం వస్తాయి. ఆ మర్నాడు రాత్రి ఈ కాగితం పట్టుకుని మళ్ళీ ఒక్కొక్క పేరూ సరిచూడాలిట, వెళ్ళినవాళ్ళలో ఎవరైనా తిరిగొచ్చి కూర్చున్నారేమోనని.