కాఫీ మిషన్ మొత్తుకుంటే ఏం చెయ్యాలె



శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరల అరకు కాఫీ అమ్ముదామని మేం నలుగురం కలిసి ఇంట్ల వాడే ఎస్ప్రెస్సో మిషన్ ఒకటి సెకండ్ హ్యాండ్ల కొన్నం. మెస్ బాకీలు దాని మీదనే తీరాలె. బటన్ నొక్కంగనే అది పిండి గిర్ని లెక్క మోగింది. బాగుచేసే ఆయన పంపు మార్చాలన్నడు, మిషన్ ధరల సగం అడిగిండు. మేం ఆగినం.

ఈ చిన్న మిషన్లల తీగచుట్ట లోపల ఒక పిస్టన్ ఉంటది. కరెంటుకు అది సెకనుకు 50 సార్లు ముందుకు వెనక్కు కొట్టుకుంటది. కాబట్టి కొంత గుర్రు మామూలే, రోగం కాదు. నీళ్లు అందక గాలి పీలిస్తే మాత్రం గోల పెరుగుతది. మాది అదే. ట్యాంకు తీసి మళ్లీ గట్టిగ కూసోబెట్టి, కాఫీ పొడి పెట్టకుండ, ఆవిరి నాబ్ తిప్పి పంపు నడిపినం. బుడగలన్నీ ఎల్లిపోయి నీళ్లు ధారగ వచ్చినంక దాని గొంతే మారింది.

ఇంకా గడగడ మిగిలింది. చేత్తో అదిమి పట్టుకుంటే ఆగింది, అంటే అది రేకు బల్ల అదురుడు. కింద పాత బొంత మడిచి వేసినం.

పొడి మరీ మెత్తగున్నా ధార ఆగి పంపు మూలుగుతది. మన బోరు నీళ్లకు లోపల సున్నం కట్టుడు వేరే తిప్పలు. అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు నడిపి, మంచినీళ్లతోటి రెండుసార్లు కడగాలె. మూత విప్పేటోళ్లు ప్లగ్గు తీసి, చల్లారినంకనే విప్పుండ్రి.

అరకు కాఫీకి 2019ల భౌగోళిక గుర్తింపు వచ్చింది, పండించేది అక్కడి ఆదివాసీ రైతులు. ఆ మాట బోర్డు మీద పెద్దగ రాస్తున్నం. కప్పు ధర ఒక్కటే ఇంక తేలలే, మీరైతే ఎంత పెడుతరో చెప్పుండ్రి.