నాగ్‌పాడా నుంచి జేజే ఆవరణ దాకా

నాగ్‌పాడా కూడలికి ఒక పక్క కామాఠీపురా గల్లీలు. నిజాం రాజ్యం నుంచి కూలికి వచ్చి, బొంబాయి కట్టడాలకు రాళ్లెత్తిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచింది. ఇంకో పక్క, నడిచిపోయేటంత దూరంలో, జేజే ఆస్పత్రి, గ్రాంట్ మెడికల్ కాలేజీ. పరీక్షశాలలు కరువైన దేశాలకు స్వచ్ఛందంగా వెళ్లే పాథాలజిస్టుల గురించి ఆలోచిస్తూ నేను చూడదలచుకున్నది ఈ దారినే. 1896లో ప్లేగు ఊరిని ఊడ్చేస్తున్నప్పుడు, ఒడెస్సాలో పుట్టి పారిస్ పాశ్చర్ సంస్థలో పనిచేసిన వాల్డెమార్ హాఫ్‌కిన్ ఈ కాలేజీలోనే ఒక గుమస్తాను, ముగ్గురు బంట్రోతులను పెట్టుకుని టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న ముందు తానే వేయించుకున్నాడు. ఆ తర్వాత బైకల్లా జైల్లో, ముందుకొచ్చిన ఖైదీలకు వేశారు. బయటి నుంచి వచ్చిన ఒక్క నిపుణుడు ఎంత చేయగలడో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే అదే టీకా 1902లో పంజాబులోని ముల్కోవాల్‌లో, ఒకే సీసా నుంచి వేయించుకున్న 19 మందిని ధనుర్వాతంతో బలిగొంది. సీసా తెరిచేటప్పుడు సహాయకుడి చేతిలోని పటకారు నేలమీద పడింది. సరిగా శుద్ధి చేయకుండానే మళ్లీ వాడారు. నింద హాఫ్‌కిన్ మీద పడింది. అది తొలగడానికి 1907 దాకా పట్టింది. నా వాదమంతా ఆ పటకారు దగ్గరే ఉంది. పరీక్షశాల బలం నిపుణుడి తెలివిలో ఎంత ఉందో, రోజూ సీసా తెరిచే చేతిలోనూ అంతే ఉంది. వచ్చే నిపుణుడు మొదట శిక్షణ ఇవ్వాల్సింది ఆ చేతికే. కామాఠీపురా గల్లీల్లాంటి చోట్ల క్షయకు చేసే తెమడ పరీక్షనే చూడండి. రోగి ఉత్త ఉమ్మి ఇస్తే అంతా వృథా; లోపలి నుంచి దగ్గి తియ్యమని అతని భాషలో చెప్పే మనిషి కావాలి. గాజు పలక మీద పలచగా పరిచి, ఎర్ర రంగు పోసి, మరగకుండా ఆవిరి లేచేదాకా కాచి, ఆమ్లంతో కడిగి, నీలం అద్దాలి. సరిగా కడగకపోతే అంతా ఎర్రగానే మిగిలి, క్రిమి ఏదో మిగతాది ఏదో తేలదు.

ఈ రోజు గడ్డతో వచ్చిన మనిషికి శిక్షణ కబుర్లు ఏం పనికొస్తాయి, ముందు రిపోర్టు కావాలి కదా అనవచ్చు. న్యాయమైన మాటే. 2021లో లాన్సెట్ వైద్య పత్రిక కమిషన్ వేసిన లెక్క ప్రకారం ప్రపంచ జనాభాలో 47 శాతానికి రోగ నిర్ధారణ పరీక్షలు అందనే అందవు, లేదా అంతంతమాత్రం. అందుకే నేపాల్, భూటాన్, ఎరిట్రియాలలో పనిచేసిన పాథాలజిస్ట్స్ ఓవర్సీస్ వంటి సంస్థల మీద నాకు గౌరవం. కానీ డాక్టరు విమానం ఎక్కిన మర్నాడు కూడా ఒక రోగి వస్తాడు. ఇప్పుడు స్లయిడు ఫొటో పంపితే అమెరికా నుంచే చూస్తారు కదా అని మరికొందరంటారు. చూస్తారు. అయితే గడ్డ నుంచి కోసిన ముక్కను వెంటనే ఫార్మలిన్‌లో వేయకపోతే అది కుళ్లుతుంది. కుళ్లిన ముక్కను ఎంత పెద్ద నిపుణుడు చూసినా చెప్పగలిగేది తక్కువ. విదేశాల్లో స్థిరపడిన మన తెలుగు పాథాలజిస్టులకు నా మనవి ఒకటే: సెలవుల్లో పది ఊళ్లు తిరగకండి. ఒక్క ల్యాబ్‌ను పట్టుకోండి. నెలనెలా అక్కడి స్లయిడ్లు కొన్ని తిరిగి చూడండి, తప్పు ఎక్కడ పడిందో డైరెక్టరుతో కాదు, రంగు వేసిన టెక్నీషియన్‌తోనే మాట్లాడండి, ఏటా ఫార్మలిన్‌కూ రంగులకూ డబ్బు పంపండి.